తల్లి ప్రాసెస్, పిల్ల ప్రాసెస్: ఈ నెల ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉన్నాయి. స్క్రిప్టు గంటల తరబడి నడుస్తోంది, కంప్యూటర్‌లో కోర్లేమో (లెక్కలు చేసే భాగాలు) ఖాళీగా కూర్చున్నాయి. పనిని ముక్కలు చేసి ఒకేసారి నడిపించడం ఎలా? రాత్రిపూట నడిచే స్క్రిప్టులకు కాపలా కాయడమే ఉద్యోగంగా చాలా ఏళ్ళు గడిపాను కాబట్టి ఈ విషయంలో చెప్పడానికి నాకు చాలానే ఉంది. అందులో సగం నా సొంత తప్పులే.

ముందు పేర్ల సంగతి. ప్రాసెస్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్. అది ఇంకో ప్రాసెస్‌ను పుట్టిస్తే, పుట్టించినదాన్ని పేరెంట్ అనీ, పుట్టినదాన్ని చైల్డ్ అనీ పుస్తకాల్లో రాస్తారు. నేను తల్లి, పిల్ల అని రాస్తాను. రాసేటప్పుడు చేతికి తేలిక, పైగా జరిగేది కూడా అదే.

ప్రశ్న: పన్నెండు ఫోల్డర్లలోని ఫొటోలను చిన్న సైజుకు మార్చే బాష్ (కమాండ్లు నడిపే షెల్) స్క్రిప్టు నాది. పదకొండు ఫోల్డర్లకు తలా 7 నిమిషాలు, ఒక పెద్ద ఫోల్డర్‌కు 40 నిమిషాలు పడుతుంది. ఒకటయ్యాక ఒకటి నడుస్తుంది కాబట్టి మొత్తం దాదాపు రెండు గంటలు. కంప్యూటర్‌లో నాలుగు కోర్లు ఉన్నాయి. ఒకేసారి నడిపించడానికి ఏం చేయాలి?

జవాబు: మీరు ఫోల్డర్ల వారీగా టైము కొలిచి రాశారు, అందుకు ముందుగా నమస్కారం. చాలామంది "బాగా నిదానంగా ఉంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

బాష్‌లో పిల్లను పుట్టించడం ఒక్క గుర్తు పని. కమాండ్ చివర ఆంపర్‌శాండ్ (&) పెడితే చాలు. ఆ కమాండ్ వెనక నడుస్తూ ఉంటుంది, స్క్రిప్టు దాని కోసం ఆగకుండా తర్వాతి వరుసకు వెళ్తుంది. అన్నీ పుట్టించాక చివర్లో 'వెయిట్' అని రాస్తే, పిల్లలందరూ ముగిసేదాకా తల్లి ఆగుతుంది. నేర్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నా బాధలు మాత్రం ఇక్కడే మొదలయ్యాయి.

కొన్నేళ్ళ కిందట, రోజువారీ లాగ్ ఫైళ్ళను ఆరు భాగాలుగా విడదీసి సూచికలు తయారుచేసే స్క్రిప్టు రాశాను. ఆరు ఆంపర్‌శాండ్లు, చివర ఒక వెయిట్, ఆ వెయిట్ సున్నా ఇస్తే (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్యను ఎగ్జిట్ కోడ్ అంటారు, సున్నా అంటే సవ్యం) "అంతా సవ్యంగా ముగిసింది" అని నాకొక సందేశం. పొద్దున్నే లేచి ఆ సందేశం చూసి హాయిగా ఉండేవాడిని. ఒకరోజు ఎవరో పాత రికార్డు ఒకటి వెతికితే దొరకలేదు. తవ్వి చూస్తే, నాలుగో భాగం రాయాల్సిన ఫోల్డర్‌కు అనుమతులు మారిపోయాయి, ఆ పిల్ల పంతొమ్మిది రాత్రులుగా మొదటి సెకనులోనే చచ్చిపోతోంది. సందేశం మాత్రం ప్రతి రాత్రీ "సవ్యం" అంటూనే ఉంది. కారణం ఏమిటంటే, వెనక ఏమీ రాయకుండా ఒంటరిగా పిలిచిన వెయిట్ ఎప్పుడూ సున్నానే ఇస్తుంది. పిల్లలు ఎలా పోయారో దానికి అనవసరం. అందరూ ఇంటికి చేరారా అని మాత్రమే చూస్తుంది, దెబ్బలు తగిలాయా అని అడగదు.

అందుకని ప్రతి పిల్లనూ పేరు పెట్టి అడగాలి. ఆంపర్‌శాండ్ పెట్టిన మరుక్షణం ఆ పిల్ల నంబరు డాలరూ ఆశ్చర్యార్థకమూ కలిసిన గుర్తులో ($!) ఉంటుంది. తర్వాతి పిల్ల పుట్టగానే అది మారిపోతుంది, కాబట్టి వెంటనే తీసి ఒక జాబితాలో వేసుకోండి. చివర్లో జాబితాలోని ఒక్కో నంబరుతో విడిగా వెయిట్‌ను పిలవండి. ఇలా పిలిచినప్పుడు ఆ పిల్ల ఎగ్జిట్ కోడే తిరిగి వస్తుంది. సున్నా కానిది ఒక్కటి వచ్చినా తల్లి కూడా సున్నా కాని కోడ్‌తోనే ముగియాలి. ఇప్పటికీ ఎవరి స్క్రిప్టులోనైనా ఒంటరి వెయిట్ కనిపిస్తే నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుక్కుంటుంది.

ఇక ఎన్నింటిని ఒకేసారి పుట్టించాలి? పన్నెండింటినీ కాదు. కోర్లు నాలుగు, ఫొటోలు మార్చడం కోర్లను పిండే పని, కాబట్టి నాలుగు. కోర్లెన్నో తెలియనివాళ్ళకు లినక్స్‌లో 'ఎన్‌ప్రాక్' కమాండ్ చెబుతుంది. నలుగురిని పుట్టించి, ఎవరు ముందు ముగిస్తే వారి చోటికి ఇంకొకరిని పంపాలి. బాష్ 4.3 నుంచి, అంటే 2014 నుంచి, వెయిట్ పక్కన మైనస్ ఎన్ పెడితే ఎవరో ఒకరు ముగిసేదాకా మాత్రమే ఆగుతుంది. కానీ ముగిసింది ఎవరో ఆ రూపం చెప్పదు. అందుకు మైనస్ పీ కావాలి, అది 2020లో 5.1తో వచ్చింది.

మీ పనికి ఇంత తతంగం అక్కర్లేదు. ఫోల్డర్ల పేర్లు వరుసకొకటి చొప్పున ఒక ఫైలులో రాసి, దాన్ని 'ఎక్స్‌ఆర్గ్స్'కు ఇవ్వండి. మైనస్ ఎన్ ఒకటి, మైనస్ పెద్ద పీ నాలుగు అని పెడితే, ఒక్కో పేరు తీసుకుని నలుగురికి మించకుండా అదే నడిపిస్తుంది. ఒకరు ముగియగానే ఇంకొకరిని పంపుతుంది. గ్నూ ఎక్స్‌ఆర్గ్స్‌లో (లినక్స్‌లో సాధారణంగా ఉండేది అదే) నాకు నచ్చేది ఇంకొకటుంది. పిల్లల్లో ఎవరైనా 1 నుంచి 125 లోపు కోడ్‌తో విఫలమైతే అది 123 ఇచ్చి ముగుస్తుంది. నా ఒంటరి వెయిట్ కన్నా నిజాయితీ గలది.

ఇప్పుడు మీ కొలతల దగ్గరకు వద్దాం. ఆ ఫైలులో పెద్ద ఫోల్డర్‌ను ఎక్కడ రాస్తారు? అక్షరక్రమంలో చివర్లో వచ్చిందనుకోండి. చిన్నవి నాలుగేసి నడిచి 14 నిమిషాలకు ఎనిమిది అయిపోతాయి. అప్పుడు మిగిలిన మూడు చిన్నవీ, ఆ పెద్దదీ మొదలవుతాయి. పెద్దది ముగిసేసరికి 54వ నిమిషం. అదే పెద్దదాన్ని మొదటి వరుసలో రాయండి. ఒక కోరు దాన్ని పట్టుకుని 40 నిమిషాలు కూర్చుంటుంది, మిగతా మూడు కోర్లు పదకొండు చిన్నవాటినీ 28 నిమిషాల్లో పూర్తిచేస్తాయి. మొత్తం 40 నిమిషాలు. ఒక వరుసను కింది నుంచి పైకి జరిపితే పద్నాలుగు నిమిషాలు మిగులుతాయి, అదీ ఒక్క అక్షరం కోడ్ మార్చకుండా. 40 కన్నా తగ్గాలంటే మాత్రం ఆ పెద్ద ఫోల్డర్‌నే రెండుగా విడగొట్టాలి.

ప్రశ్న: పైథాన్ నేర్చుకుంటున్నాను. లూపు పదిసార్లు తిరిగేలా రాసి, లోపల ప్రతిసారీ ఫోర్క్ (ప్రాసెస్‌కు నకలు పుట్టించే ఫంక్షన్) పిలిచి, ఒక ఫైలును చదివే పని పెట్టాను. పది పిల్ల ప్రాసెస్‌లు పుడతాయని నా లెక్క. నడిపిస్తే కంప్యూటర్ బిగుసుకుపోయింది, పవర్ బటన్ నొక్కి ఆపాల్సి వచ్చింది. ఏమి జరిగింది?

జవాబు: పది కాదు, వెయ్యి ఇరవై నాలుగు ప్రాసెస్‌లు నడిచాయి. లేదా అంతమంది కాకముందే కంప్యూటర్ చేతులెత్తేసింది.

ఫోర్క్ అంటే దారి రెండుగా చీలే చోటు. 1963లో మెల్విన్ కాన్వే రాసిన ఒక పత్రంలో ఈ ఆలోచన కనిపిస్తుంది. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా లోకమంతా పాకింది. ఫోర్క్‌ను పిలిచేది ఒక్కరు, దాన్నుంచి బయటికి వచ్చేది ఇద్దరు. అదే కోడ్, అవే వేరియబుళ్ళు, అదే వరుస దగ్గర ఇద్దరూ నిలబడి ఉంటారు. తేడా ఒక్కటే, ఫోర్క్ ఇచ్చే విలువ. పిల్లకు సున్నా వస్తుంది, తల్లికి పిల్ల నంబరు వస్తుంది. "నేనెవరిని?" అని తెలుసుకోవడానికి ఆ విలువ తప్ప ఇంకో సులువైన ఆనవాలు లేదు.

మీ లూపు మూడుసార్లే తిరుగుతుందనుకుని కాగితం మీద గీద్దాం. మొదటి చుట్టులో తల్లి ఒక పిల్లను కంటుంది, ఇద్దరయ్యారు. ఆ పిల్ల పుట్టింది ఎక్కడ? లూపు మధ్యలో. తన ఫైలు చదవడం అవగానే ఏం చేస్తుంది? ఆగమని మీరు చెప్పలేదు కాబట్టి, తల్లిలాగే రెండో చుట్టుకు వెళ్ళి తానూ ఫోర్క్ పిలుస్తుంది. ఇప్పుడు నలుగురు. మూడో చుట్టులో ఆ నలుగురూ తలా ఒకరిని కంటారు, ఎనిమిది మంది. చుట్టు చుట్టుకీ రెట్టింపు. పది చుట్లకు 1024, అందులో కొత్తగా పుట్టినవారు 1023. వంశవృక్షం గీస్తే ముని మనవళ్ళ దాకా పోతుంది.

దిద్దుబాటు ఒక్క వరుసే. విలువ సున్నా వచ్చిన కొమ్మలో, పని అయిపోగానే, పిల్ల అక్కడికక్కడే ముగిసిపోవాలి. పైథాన్‌లో దానికి ఓఎస్ మాడ్యూల్‌లో ముందు అండర్‌స్కోరు ఉన్న ఎగ్జిట్ ఉంది. మామూలు సిస్ ఎగ్జిట్ నిజానికి ఒక ఎక్సెప్షన్‌ను (మామూలు దారి తప్పించే కేకను) విసురుతుంది. పైన ఎక్కడో మీరు అన్ని ఎక్సెప్షన్లనూ పట్టుకునే ట్రై పెట్టి ఉంటే అందులో చిక్కుకుని, పిల్ల బతికి బయటపడి మళ్ళీ లూపులోకి వెళ్ళగలదు. అండర్‌స్కోరు ఎగ్జిట్‌కు అటువంటి మొహమాటాలు లేవు. పిల్ల పని మధ్యలో లోపం వచ్చినా అక్కడికి చేరేలా, దాన్ని ఫైనల్లీ (ఏం జరిగినా చివర నడిచే భాగం) కింద రాయండి.

ఇకమీదట ఫోర్క్ ఉన్న ఏ లూపునైనా మొదట మూడు చుట్లతోనే నడిపి చూడండి. తప్పు చేస్తే ఎనిమిది ప్రాసెస్‌లు వస్తాయి, వాటిని ఏ కంప్యూటరైనా భరిస్తుంది. నడిపే ముందు షెల్‌లో 'యూలిమిట్' మైనస్ యూతో మీ ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టుకుంటే ఇంకా మంచిది. హద్దు దాటితే ఫోర్క్ విఫలమవుతుంది, పైథాన్ తప్పు చూపించి ఆగుతుంది, పవర్ బటన్ జోలికి పోనక్కర్లేదు.

ప్రశ్న: నేనూ పైథాన్‌లో ఫోర్క్ వాడుతున్నాను. తెర మీద చూస్తే అవుట్‌పుట్ సరిగ్గా ఉంది. అదే అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్ళిస్తే మొదటి వరుసలు రెండేసి సార్లు, కొన్ని అంతకన్నా ఎక్కువసార్లు కనిపిస్తున్నాయి. స్క్రిప్టులో ఒక్కసారే ప్రింట్ చేస్తున్నాను.

జవాబు: ఈ తప్పును మొదటిసారి చూసినప్పుడు నేను రెండు రోజులు డిస్కును అనుమానించాను. డిస్కు నిర్దోషి.

ప్రింట్ చేసిన మాట నేరుగా బయటికి పోదు. ముందు ఆ ప్రాసెస్ జ్ఞాపకంలోనే ఉండే బఫర్‌లో పడుతుంది. అవుట్‌పుట్ తెరకు పోతుంటే వరుస పూర్తికాగానే బఫర్ ఖాళీ అవుతుంది. ఫైలుకు పోతుంటే బఫర్ నిండేదాకా, అంటే కొన్ని వేల బైట్లు చేరేదాకా, లోపలే ఉంటుంది. మీరు ప్రింట్ చేశారు, మాట ఇంకా బఫర్‌లోనే ఉంది, ఇంతలో ఫోర్క్ పిలిచారు. ఫోర్క్ జ్ఞాపకం మొత్తానికీ నకలు తీస్తుంది కదా, బఫర్‌కు కూడా తీసింది. ఇద్దరూ ముగిసేటప్పుడు తమ తమ బఫర్లను ఖాళీ చేశారు. మాట రెండుసార్లు పడింది. తెర మీద ఈ తప్పు ఎందుకు కనిపించలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

ఫోర్క్‌కు ముందు ఫ్లష్ చేయండి, అంటే బఫర్‌ను ఖాళీ చేయించండి. అలాగే పిల్ల అండర్‌స్కోరు ఎగ్జిట్‌తో ముగిస్తే, తల్లి నుంచి వచ్చిన బఫర్‌ను అది బయట పెట్టదు. కానీ తాను సొంతంగా ప్రింట్ చేసినదాన్ని కూడా పెట్టదు! కాబట్టి పిల్ల ముగిసే ముందు తన మాటలను తానే ఫ్లష్ చేసుకోవాలి. ఈ రెండు ఫ్లష్‌లలో ఏ ఒక్కటి మరిచినా ఒకచోట మాటలు రెట్టిస్తాయి, ఇంకోచోట మాయమవుతాయి.

ప్రశ్న: పిల్ల ప్రాసెస్ ఎన్ని రికార్డుల్లో తప్పులున్నాయో లెక్కించి తల్లికి చెప్పాలి. పిల్లలో వేరియబుల్‌ను పెంచితే తల్లిలో సున్నాగానే ఉంటోంది. అందుకని సంఖ్యను ఎగ్జిట్ కోడ్‌గా పంపుతున్నాను. నిన్నటిదాకా బాగానే వచ్చింది. ఇవాళ 300 తప్పులుంటే 44 అని చెప్పింది.

జవాబు: 300లోంచి 256 తీసేయండి. 44 వచ్చిందా? ఎగ్జిట్ కోడ్‌లో తల్లికి చేరేది ఒక్క బైటు, 0 నుంచి 255 దాకా. అంతకు మించితే మళ్ళీ మొదటి నుంచి లెక్క. మీకు 44 రావడం అదృష్టం. సరిగ్గా 256 తప్పులున్న రోజున సున్నా వచ్చి ఉండేది, మీ స్క్రిప్టు "తప్పులేమీ లేవు" అని ప్రకటించి ఉండేది. ఎగ్జిట్ కోడ్ ఉన్నది బాగున్నానా లేదా అని చెప్పడానికి. దాని మీద సంఖ్యల మూటలు పెట్టకండి.

వేరియబుల్ ఎందుకు పెరగలేదంటే, పిల్ల పెంచింది తన నకలులోని వేరియబుల్‌ను. నిజానికి ఫోర్క్ జరిగిన క్షణంలోనే అంతా నకలు తీయరు. తల్లీ పిల్లా జ్ఞాపకంలోని అవే పేజీలను (ముక్కలను) చూస్తూ ఉంటారు, ఎవరైనా ఒక పేజీలో ఏదైనా రాయబోతే అప్పుడు ఆ పేజీకి మాత్రం విడి నకలు తయారవుతుంది. అందుకే పెద్ద ప్రాసెస్‌ను ఫోర్క్ చేసినా అంత త్వరగా అయిపోతుంది. కానీ మీ కోణం నుంచి ఫలితం ఒక్కటే. ఫోర్క్ తర్వాత ఎవరి పుస్తకం వారిది. పిల్ల రాసింది తల్లికి కనిపించదు. బాష్‌లో ఆంపర్‌శాండ్ వెనక నడిచేవాటికి కూడా ఇదే నియమం.

మరి ఫలితం వెనక్కి రావడం ఎలా? నేను ఎక్కువగా వాడేది అతి సాదా పద్ధతి. ప్రతి పిల్లా తనకంటూ విడిగా ఒక ఫైలులో రాస్తుంది, ముగిశాక తల్లి అన్నీ చదివి కూడుతుంది. పిల్ల నేరుగా అసలు పేరుతో రాయకుండా, ముందు తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, ఆఖర్న పేరు మార్చాలి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చడం ఒక్క వేటుతో జరిగిపోతుంది కాబట్టి, అసలు పేరుతో ఫైలు కనిపించిందంటే పిల్ల రాయదలచినదంతా అందులో ఉన్నట్టే. మధ్యలో చచ్చిన పిల్ల సగం ఫైలు తల్లిని మోసం చేయలేదు.

అందరూ ఒకే ఫైలులో ఒకే మొత్తాన్ని చదివి, పెంచి, తిరిగి రాస్తే సరిపోదా అని మీరు అడగబోతున్నారని తెలుసు. ఇద్దరు ఒకే క్షణంలో 17 అని చదువుతారు, ఇద్దరూ 18 అని రాస్తారు, ఒక తప్పు లెక్కలోంచి జారిపోతుంది. 'ఎఫ్‌లాక్'తో తాళం వేసి కాపాడుకోవచ్చు గానీ, విడివిడి ఫైళ్ళుండగా తాళాలెందుకు?

రెండో దారి పైపు. ఫోర్క్‌కు ముందు తల్లి పైపు తెరుస్తుంది, పిల్ల ఒక చివర రాస్తుంది, తల్లి రెండో చివర చదువుతుంది. ఇక్కడ రెండు గోతులున్నాయి, రెండింటిలోనూ నేను పడ్డాను. మొదటిది, తల్లి ముందు వెయిట్ పిలిచి తర్వాత చదువుదామనుకోవడం. లినక్స్‌లో పైపు మామూలుగా 64 కేబీ పడుతుంది. పిల్ల అంతకన్నా ఎక్కువ రాయబోతే, ఎవరైనా చదివి ఖాళీ చేసేదాకా అక్కడే ఆగిపోతుంది. తల్లేమో పిల్ల ముగియాలని ఆగి ఉంది. నువ్వు ముందంటే నువ్వు ముందు అన్నట్టు ఇద్దరూ తెల్లారేదాకా నిలబడతారు. చిన్న పరీక్షల్లో ఇది బయటపడదు, డేటా పెరిగిన రోజున పడుతుంది. కాబట్టి ముందు చివరిదాకా చదవండి, తర్వాత వెయిట్ పిలవండి.

రెండోది, తల్లి తన దగ్గరున్న రాసే చివరను మూయకపోవడం. రాసే చివర ఎవరి దగ్గరైనా తెరిచి ఉన్నంతకాలం పైపుకు ముగింపు రాదు. పిల్ల ఎప్పుడో ముగించి వెళ్ళిపోయినా, తల్లి తన చేతిలోని చివరను చూసుకుని ఇంకా ఎవరో రాస్తారని ఎదురుచూస్తుంది.

ప్రశ్న: నాలుగు పిల్లలతో 25 నిమిషాల్లో అయ్యే పనిని పదహారు పిల్లలతో నడిపించాను. 31 నిమిషాలు పట్టింది. కోర్లు పదహారు ఉన్నాయి.

జవాబు: అందరూ పల్లకి ఎక్కేవాళ్ళే, మోసేది ఒక్క డిస్కు. మీ ఉత్తరంలో ఆ ఫైళ్ళన్నీ తిరిగే డిస్కు మీద ఉన్నాయని కింద చిన్న అక్షరాల్లో రాశారు. అసలు సంగతి అదే. పదహారు మంది పదహారు చోట్ల చదవమంటే, దాని తల చదవడం కన్నా అటూ ఇటూ పరుగెత్తడంలోనే కాలం గడిపేస్తుంది.

కోరు పనా, డిస్కు పనా అని ముందే తేల్చుకోవచ్చు. ఒక్క భాగాన్ని విడిగా, ముందు 'టైమ్' అని పెట్టి నడపండి. మూడు అంకెలు వస్తాయి: గడియారపు కాలం, ప్రోగ్రామ్ కోరును వాడుకున్న కాలం, దాని తరఫున కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) వాడిన కాలం. చివరి రెండూ కలిపితే మొదటిదానికి దగ్గరగా ఉంటే అది కోరు పని, కోర్లు ఉన్నంతవరకు పిల్లల్ని పెంచండి. చాలా తక్కువగా ఉంటే ఆ ప్రాసెస్ ఎక్కువ సేపు దేనికోసమో ఎదురుచూస్తోంది, డిస్కు కోసమో నెట్‌వర్క్ కోసమో. డిస్కు అయితే పిల్లల్ని పెంచితే గోల పెరుగుతుంది. దూరపు సర్వర్ల జవాబుల కోసమైతే మాత్రం కోర్ల కన్నా ఎక్కువ మందిని పెట్టినా లాభమే, ఆ సర్వర్లు ఒప్పుకున్నంతవరకు.

ఇంకొకటి. స్క్రిప్టు మొదట్లో జాబితా తయారీ, చివర్లో ఫలితాలు కలపడం ఒక్కరే చేస్తారు కదా. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ప్రకారం, పనిలో పదో వంతు అలా ఒక్కరే చేయాల్సి ఉంటే, ఎన్ని వేల కోర్లు పెట్టినా పది రెట్లకు మించి వేగం రాదు. నాలుగు దగ్గర, ఆరు దగ్గర, ఎనిమిది దగ్గర కొలిచి చూడండి. మీకు ఎక్కడో ఆరు దగ్గరే మేలు అని నా ఊహ.

ప్రశ్న: ప్రాసెస్‌ల జాబితాలో 'డిఫంక్ట్' అని కొన్ని కనిపిస్తున్నాయి. కిల్ మైనస్ తొమ్మిది (బలవంతంగా చంపే కమాండ్) కొట్టినా పోవడం లేదు.

జవాబు: చచ్చినదాన్ని మళ్ళీ చంపలేరు. అవి ముగిసిపోయిన పిల్లలే. ఎలా ముగిశాయో తల్లి అడుగుతుందని, ఆ ఒక్క కబురు చెప్పడానికి కెర్నెల్ వాటి పేరును పట్టికలో ఉంచింది. వీటినే జాంబీలంటారు. జ్ఞాపకం తినవు, కోరు తినవు, నంబర్లు మాత్రం ఆక్రమిస్తాయి. తల్లి కోడ్‌లో వెయిట్ లేదు, అది చేర్చండి. ఇప్పటికిప్పుడు వదిలించుకోవాలంటే తల్లిని ముగించండి. దిక్కులేనివాటిని ఒకటో నంబరు ప్రాసెస్ చేరదీసి, అడగాల్సినది అడిగి సాగనంపుతుంది.

ప్రశ్న: పైథాన్ మల్టీప్రాసెసింగ్‌తో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో చక్కగా నడిచింది. విండోస్‌లో మొదట్లోనే రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తోంది. ఎందుకు?

జవాబు: విండోస్‌లో ఫోర్క్ లేదు. అక్కడ పిల్ల పుట్టాలంటే కొత్త పైథాన్ మొదటి నుంచి లేచి, మీ స్క్రిప్టు ఫైలును మళ్ళీ పైనుంచి చదువుతుంది. పిల్లల్ని పుట్టించే వరుసలు ఫైలులో బహిరంగంగా పడి ఉంటే, పిల్ల వాటిని చదివి తానూ పిల్లల్ని కనబోతుంది. పైథాన్ దాన్ని గమనించి ఆపేస్తోంది, మీరు చూసిన ఎర్రర్ అదే. రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లు ఉండే నేమ్ విలువ, అలాగే అండర్‌స్కోర్లు ఉండే మెయిన్ అయితేనే నడిచేలా ఒక ఇఫ్ పెట్టి, పని మొదలుపెట్టే కోడ్‌ను దాని కిందకి జరపండి. లినక్స్‌లో బాగానే ఉంది కదా అని అక్కడ వదిలేయకండి. మ్యాక్‌లో 2019 నాటి పైథాన్ 3.8 నుంచే ఈ కొత్తగా లేపే పద్ధతి వచ్చింది, లినక్స్‌లో కూడా 2025లో వచ్చిన 3.14 నుంచి నేరుగా ఫోర్క్ చేయడం మామూలు పద్ధతి కాకుండా పోయింది.

ప్రశ్న: ఆంపర్‌శాండ్‌తో ఎనిమిది పనులు నడిపే షెల్ స్క్రిప్టును కంట్రోల్ సీ నొక్కి ఆపేశాను. ఆగింది. అరగంట తర్వాత చూస్తే ఫోల్డర్‌లో కొత్త ఫైళ్ళు పుడుతూనే ఉన్నాయి! దయ్యం పట్టిందేమో అనుకున్నాను.

జవాబు: దయ్యం కాదు, ఎనిమిది మంది అనాథలు. స్క్రిప్టులో ఆంపర్‌శాండ్‌తో పుట్టించిన పిల్లలకు, కంట్రోల్ సీ పంపే సంకేతాన్ని పట్టించుకోవద్దని షెల్ పుట్టుకతోనే చెప్పి పంపుతుంది. మీరు నొక్కిన కంట్రోల్ సీ వాళ్ళకూ చేరింది, వాళ్ళు చెవిన వేసుకోలేదు. తల్లి మాత్రమే పోయింది.

మొదటి జవాబులో పిల్లల నంబర్లను జాబితాలో వేసుకోమన్నాను కదా, ఆ జాబితా ఇక్కడ రెండోసారి పనికొస్తుంది. స్క్రిప్టు మొదట్లోనే 'ట్రాప్' (సంకేతం వస్తే ఏం చేయాలో ముందే చెప్పే కమాండ్) పెట్టండి. కంట్రోల్ సీ సంకేతం వచ్చినా, ముగించమని అడిగే టర్మ్ సంకేతం వచ్చినా, జాబితాలోని ప్రతి నంబరుకూ కిల్‌తో టర్మ్ పంపాలి, ఆ తర్వాత వాళ్ళు ముగిసేదాకా వెయిట్ చేయాలి, ఆ తర్వాత 130 లాంటి సున్నా కాని కోడ్‌తో తాను ముగియాలి. వెనక నడిచేవాళ్ళు టర్మ్‌ను మామూలుగా వింటారు. కిల్ మైనస్ తొమ్మిదితో మొదలుపెట్టకండి. దానికి పిల్లలు తమ తాత్కాలిక ఫైళ్ళు తుడుచుకునే వ్యవధి కూడా ఉండదు.

ట్రాప్ పెట్టాక ఒకసారి పరీక్షించండి. ఎనిమిది ఫోల్డర్ల బదులు, తలా అరవై సెకన్లు నిద్రపోయే ఎనిమిది 'స్లీప్' కమాండ్లను నడిపి, ఐదో సెకనులో కంట్రోల్ సీ నొక్కి, నడుస్తున్న ప్రాసెస్‌లను పేరుతో వెతికే 'పీగ్రెప్'తో స్లీప్ అని వెతకండి. ఒక్క నంబరూ రాకూడదు.